పది గంటల ఆరు నిమిషాల చీటీ

ఫిబ్రవరి 3, సోమవారం

ఈ నోటుబుక్కు మొదలుపెట్టడానికి కారణం కోపం. ఇంట్లో చెప్పుకుంటే డేవిడ్ "పోనియ్ రోజా" అంటాడు. ఆయనకు డిపోలో బస్సు ఇంజన్లు తప్ప అన్నీ పోనియ్యాల్సినవే. అందుకని ఇక్కడ రాసుకుంటున్నాను. ఎవరూ చదవరు కాబట్టి అక్షరాలు ఎట్లా ఉన్నా ఫర్వాలేదు.

పొద్దున సూపరింటెండెంటు రాజేశ్వర్ సార్ ఒక డాక్టరమ్మను మా పిల్లల క్యాజువాలిటీలోకి తీసుకొచ్చారు. పేరు కరుణశ్రీ. పిల్లల డాక్టరు, ముప్పై రెండేళ్ళు కూడా ఉండవు. పుట్టింది ఇక్కడికి దగ్గర్లో ఉన్న బాల్కొండలోనే, చదివింది హైదరాబాదులో. రెండు నెలలు ఇక్కడే ఉండి రీసెర్చ్ చేస్తుందట. ప్రాణం మీదికి వచ్చిన పిల్లల్లో ఎవరిని తొందరగా చూస్తున్నారు, ఎవరిని కూర్చోబెడుతున్నారు, అట్లా ఎందుకు జరుగుతోంది, అదీ ఆమె తెలుసుకోవాల్సింది. నాకు చర్రున లేచింది. పందొమ్మిదేళ్ళుగా ఈ ట్రస్టు దవాఖానలో నర్సును. నేను ఎవరిని కూర్చోబెట్టానమ్మా?

రిజిస్టరు తీసి ఆమె ముందు పెట్టాను. పిల్ల వచ్చిన టైము, చూసిన టైము, అన్నీ ఉన్నాయి. ఎవరికీ అయిదు నిమిషాలు దాటలేదు. ఆమె పేజీలు తిప్పి ఒకే ఒక్క ప్రశ్న అడిగింది.

"అక్కా, పిల్ల వచ్చిన టైం అంటే మీరు ఎప్పటిది రాస్తరు?"

కేసు షీటు తెరిచినప్పటిది రాస్తామని చెప్పాను. నాకు నేర్పిన సీనియర్ అట్లాగే నేర్పింది, నేను నా తర్వాతి వాళ్ళకు అట్లాగే నేర్పాను. ఆమె తల ఊపి తన చిన్న పుస్తకంలో ఏదో రాసుకుంది. అందులో రాసుకోవడానికి ఏముందో నాకు అర్థం కాలేదు.

ఫిబ్రవరి 5, బుధవారం

చీటీల పద్ధతి మొదలైంది. కరుణశ్రీ మేడం గేటు దగ్గర వాచ్‌మన్ లింగన్నకు రసీదు బుక్కు లాంటిది ఒకటి, ఒక పెద్ద గడియారం ఇచ్చింది. ఏ పిల్ల గేటు దాటినా లింగన్న నంబరు ఉన్న చీటీ మీద టైము రాసి చింపి ఇస్తాడు. ఒట్టి నంబరు ఉన్న సగం అతని బుక్కులో ఉంటుంది. ఆ చీటీ మీద రెండో గీత నాది. పిల్ల ఒంటి మీద మొదటిసారి చెయ్యి వేసిన టైము రాసి, తోడు ఎవరు వచ్చారో టిక్కు పెట్టి పెట్టెలో వెయ్యాలి. చీటీ మీద పిల్ల పేరు ఉండదు, నర్సు పేరూ ఉండదు.

లింగన్న రాత చూస్తే కోడి గీకినట్టు ఉంది. ఇంతోటి రాతతో రీసెర్చ్.

ఇంకో సంగతి. జనం నా టేబులు మీద పడితే నేను ఊరుకోను. "పిలిస్తేనే రావాలె, అప్పటిదాక బయట కూసోవాలె" అని అందరికీ చెబుతాను. అందుకే నా క్యాజువాలిటీ చర్చిలాగా నిశ్శబ్దంగా ఉంటుంది. రాజేశ్వర్ సార్ కూడా వేరే వార్డుల వాళ్ళకు నన్ను చూపించి నేర్చుకోమంటారు. మేడం మాత్రం ఆ నిశ్శబ్దాన్ని మెచ్చుకోలేదు. వరండాలోకి వెళ్ళి, స్తంభం పక్కన నేల మీద కూర్చున్న వాళ్ళ దగ్గర తానూ కూర్చుంది. తెల్ల కోటుకు దుమ్ము అంటింది.

ఫిబ్రవరి 8, శనివారం

ఒప్పుకోవడం నాకు ఇష్టం లేదు గానీ, ఆ డాక్టరు పిల్ల పని చేస్తుంటే చూడాలనిపిస్తుంది.

పిల్లాడు మంచం మీదుంటే ఆమె నిలబడి మాట్లాడదు. మోకాళ్ళ మీద కూర్చుని వాడి కళ్ళకు సమానంగా తన కళ్ళు తెచ్చుకుంటుంది. తల్లిని ప్రశ్న అడిగితే జవాబు మొత్తం అయ్యేదాకా ఆగుతుంది. మోర్తాడ్ నుంచి వచ్చిన ఒక బీడీలు చుట్టే తల్లి పిల్లకు దగ్గు ఎప్పటినుంచి ఉందో చెప్పడానికి తన పెళ్ళి దగ్గరినుంచి మొదలుపెట్టింది. నేనైతే రెండో మాటకే ఆపేదాన్ని. మేడం విన్నది. ఆ పెళ్ళి కథ చివర్లో పిల్ల పుట్టినప్పుడు నీలంగా ఉందన్న ముక్క బయటపడింది. గుండె పరీక్షకు నిజామాబాద్ పంపాం.

మధ్యాహ్నం మాకందరికీ ఒక మాట చెప్పింది. "ఏడ్చే పిల్లకు ఊపిరున్నది, ఓపికున్నది. ఏడ్వని పిల్లను ముందు చూడాలె." అది నాకు తెలియనిది కాదు.

ఫిబ్రవరి 13, గురువారం

పసుపు ఉడకబెట్టే రోజులు. పెర్కిట్ నుంచి వచ్చే గాలి అంతా అదే వాసన. కల్లాల్లో పనిచేసే వాళ్ళ పిల్లల చేతులు, గోళ్ళు, ఒక్కోసారి ముఖాలు కూడా పచ్చగా ఉంటాయి. ఒంట్లో రక్తం సరిగా తిరుగుతోందా లేదా అని మేము గోరు నొక్కి చూస్తాం. గోరు పచ్చగా ఉంటే ఏం కనిపిస్తుంది? ఇన్నేళ్ళూ "పసుపు పని పిల్ల" అనుకుని వదిలేయడమే. మేడం రెండో రోజే అది పట్టుకుంది. చొక్కా గుండీ విప్పి రొమ్ము ఎముక మీద వేలితో అయిదు లెక్కపెట్టేదాకా నొక్కి వదిలింది. తెల్లబడిన చోటు రెండు లెక్కపెట్టేలోగా మళ్ళీ ఎర్రబడాలి. ఇది పుస్తకంలో ఉన్నదే, నేనూ చదివిందే. ఇక్కడి గోళ్ళను చూసి ఆ పేజీ గుర్తు తెచ్చుకోవడం మాత్రం ఆమెకే చేతనైంది.

స్టాఫుకు ఒక ఫారం ఇచ్చింది. అందులో చివరి ప్రశ్న: పిల్లలందరినీ ఒకే తీరుగా చూస్తున్నారా? నేను "అవును" అని పెద్ద అక్షరాలతో రాశాను. మా అమ్మ మోర్తాడ్‌లో బీడీలు చుట్టి నన్ను చదివించింది. మా నాయిన మస్కట్‌లో ఉంటే మా అవ్వే నన్ను దవాఖానలకు ఎత్తుకు తిరిగింది. అట్లాంటి వాళ్ళను నేను ఎట్లా తక్కువ చూస్తాను? ఆ మాట కూడా రాద్దామనుకున్నాను, చోటు లేదు.

ఫిబ్రవరి 18, మంగళవారం

ఈ రోజు చాలా బిజీ. బాల్కొండ లక్ష్మీరాజం పటేలు మనుమడు ముఖేష్ ముక్కులో మక్కగింజ దూర్చుకున్నాడు, తీశాం. విరేచనాలతో సిరికొండ పిల్ల ఒకతె, అయిదేళ్ళది, సీరియస్‌గా వచ్చింది. సెలైన్ పెట్టాం, బతికింది, వార్డులో ఉంది. అలసిపోయాను.

ఆ పిల్ల చీటీ పెట్టెలో వెయ్యడం మర్చిపోయాను. జేబులో ఉంది. రేపు వేస్తాను.

ఫిబ్రవరి 19, బుధవారం

వెయ్యలేదు. ఈ నోటుబుక్కులో పెట్టాను.

లింగన్న రాత అసలే బాగుండదు. పది గంటల ఆరు నిమిషాలు అన్నట్టు ఉంది గానీ, ఆరు ముందున్న సున్నాను కొంచెం వెలుతురులో పెట్టి చూస్తే నాలుగులా కూడా కనిపిస్తోంది. నలభై ఆరు అయి ఉండొచ్చు. ఎవరు చెప్పగలరు.

పిల్ల పేరు దీక్షిత. లేచి కూర్చుంది, బిస్కెట్ తిన్నది. నాయనమ్మ పేరు ముత్తవ్వ. సిరికొండ నుంచి పసుపు పనికి వచ్చి పెర్కిట్ దగ్గర కల్లంలో ఉంటున్నారు. పిల్ల తండ్రి లేడు, తల్లి కువైట్‌లో ఇళ్ళలో పనిచేస్తుంది. నేను వార్డు మీదుగా పోతుంటే ముత్తవ్వ లేచి నిలబడి నా రెండు చేతులూ పట్టుకుంది. "నువ్వే బతికిచ్చినవ్ సిస్టరమ్మా" అంది. మా డ్యూటీ అది అన్నాను.

ఫిబ్రవరి 21, శుక్రవారం

దీక్షిత డిశ్చార్జి అయింది. పదిరోజుల తర్వాత మళ్ళీ చూపించుకోవాలి. పోతూ పోతూ నాకు టాటా చెప్పింది. చేతుల పసుపు కొంచెం వెలిసింది.

ఫిబ్రవరి 22, శనివారం

మేడం లింగన్న బుక్కులోని సగాలను, పెట్టెలోని చీటీలను సరిచూసింది. ఇచ్చినవి రెండువందల పద్నాలుగు, పెట్టెలో పడ్డవి రెండువందల పదమూడు.

అందరినీ పిలిచి నెమ్మదిగా చెప్పింది. ఎవరి తప్పూ లేదట, చీటీ అన్నాక ఎక్కడో పడిపోతుందట. "కానీ దొరకని చీటీని లెక్కలకెళ్ళి తీసెయ్యలేం. గది ఒక పిల్ల. గా పిల్లకు ఏమైందో తెల్వకపోతే మిగిలిన రెండువందల పదమూడు కూడ నాకు సగమే తెలిసినట్టు" అంది.

అందరం వెతికాం. నేనూ వెతికాను. టార్చి తీసుకుని టేబులు కింద వంగి, బీరువా వెనక చూసి, చెత్తబుట్ట కూడా బోర్లించాను. మేడం వచ్చి నా భుజం మీద చెయ్యి వేసి "చాలు అక్కా, నడుం పట్టుకుంటది" అంది.

పట్టుకుంది.

రాజేశ్వర్ సార్ సాయంత్రం పిలిచి, ఏప్రిల్ నుంచి నర్సింగ్ ఇన్‌ఛార్జిగా నా పేరు పంపుతున్నానని చెప్పారు. డేవిడ్‌కు ఫోను చేస్తే జిలేబీ తెచ్చాడు.

ఫిబ్రవరి 23, ఆదివారం

చర్చికి పోలేదు. తలనొప్పి అన్నాను.

ఫిబ్రవరి 25, మంగళవారం

ఈ రోజు మేడం ఇరవై రోజుల లెక్కలను రాజేశ్వర్ సార్‌కు చూపించింది. సీనియర్‌ను కాబట్టి నేనూ ఉన్నాను. తండ్రి బండి మీద తీసుకొచ్చిన పిల్లలకు తొమ్మిది నిమిషాల్లో చెయ్యి పడుతోంది. అవ్వతోనో, అక్కతోనో, కూలి మనిషితోనో వచ్చిన పిల్లలకు ముప్పై ఒకటి. రిజిస్టరులో మాత్రం అందరికీ అయిదే. గేటు దగ్గర నుంచి టేబులు దాకా ఉన్న టైము మా రిజిస్టరులో అసలు లేదు. పందొమ్మిదేళ్ళలో ఎంతమంది పిల్లల టైము లేదో.

సార్ చెడ్డ మనిషి కాదు. లెక్కలు రెండుసార్లు చదివారు. "డాక్టర్, కూసున్నోళ్ళు కూసున్నరు, సరే. వాళ్ళయి చిన్న చిన్న జ్వరాలే గదా. నిజంగ ప్రాణం మీదికొచ్చిన పిల్ల ఎవరన్న కూసున్నరా? ఒక్కరిని చూపియ్యి. చూపిస్తే ఈ పద్ధతి దవాఖాన మొత్తం పెడత. లేకుంటే నెలాఖరుకు ఆపుదాం, స్టాఫుకు పని పెరుగుతున్నది" అన్నారు.

ఒక చీటీ రావాల్సి ఉందని, అది వస్తే చెబుతానని మేడం అంది. నా వైపు చూడలేదు. చూసి ఉంటే బాగుండేది.

ఇక రాస్తాను. ఆ రోజు ఏం జరిగిందో రాస్తాను.

పద్దెనిమిదో తారీఖు పది గంటలకు ముందే లక్ష్మీరాజం పటేలు మనుమడిని ఎత్తుకుని నేరుగా నా టేబులు దగ్గరికి వచ్చాడు. ఆయనకు "పిలిస్తేనే రావాలె" వర్తించదు. ఎందుకు వర్తించదో నేనెప్పుడూ ఆలోచించలేదు. ముఖేష్ పైకప్పు ఎగిరిపోయేట్టు ఏడుస్తున్నాడు. ముగ్గురం నర్సులం వాడి చుట్టూ చేరాం. ఒకరు తల పట్టుకుంటే ఒకరు సెల్‌ఫోనులో బొమ్మలు చూపించారు. మక్కగింజ రావడానికి ఇరవై నిమిషాలు పట్టింది.

మధ్యలో ఒకసారి పట్టకారు కోసం బీరువా దగ్గరికి వెళ్ళినప్పుడు వరండా వైపు చూశాను. స్తంభం పక్కన ఒక ముసలామె. చెప్పులు మెట్టు కింద విడిచి వచ్చింది. భుజం మీద పిల్ల, వేలాడుతున్న చేతులు పచ్చగా ఉన్నాయి. పసుపు పని వాళ్ళు, పిల్ల నిద్రపోయింది, వీళ్ళకు తొందరేం లేదు అనుకున్నాను. ఇది నేను తర్వాత కల్పించుకున్నది కాదు. సరిగ్గా ఆ మాటలే అనుకున్నాను. చూడలేదని చెప్పుకోవడానికి వారం రోజులుగా ప్రయత్నిస్తున్నాను గానీ, చూశాను.

గింజ వచ్చాక పటేలు సంతోషపడి అందరికీ చాయ్ తెప్పించాడు. నేను తాగాను. ఈసారి పసుపు బాగా పండిందని ఆయన చెబుతుంటే కూర్చుని విన్నాను కూడా. అప్పుడు లింగన్న తలుపు దగ్గరికి వచ్చి, "సిస్టర్, గా అవ్వ ఇంక గట్లనే కూసున్నది" అన్నాడు.

వెళ్ళి పిల్ల ముఖం ఎత్తి చూశాను. కళ్ళు గుంటలు పడ్డాయి. కడుపు మీద చర్మం పట్టి వదిలితే అట్లాగే నిలబడింది. రొమ్ము మీద నొక్కి లెక్కపెట్టాను, ఆరు దాటినా ఎర్రబడలేదు. ఎత్తుకుని పరుగెత్తాను. తర్వాత నా చేతులు తప్పు చేయలేదు. దొరకని నరం రెండో పోటుకే దొరికించుకున్నాను. మేడం వచ్చేసరికి సెలైన్ ఎక్కుతోంది. మధ్యాహ్నం రెండు గంటలకు పిల్ల మూత్రం పోసింది, మేడం కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అదంతా నిజమే. కేసు షీటు తెరిచి వచ్చిన టైము పది నలభై ఎనిమిది అని రాసిందీ నేనే.

నలభై రెండు నిమిషాలు.

అది నాలుగు కాదు, సున్నానే. మొదటి రోజే నాకు తెలుసు.

ఫిబ్రవరి 26, బుధవారం

శివరాత్రి సెలవు. రోజంతా ఇల్లు కడిగాను. డేవిడ్‌కు చెప్పాను. ఈసారి పోనియ్ అనలేదు. "గా పిల్ల మంచిగున్నదా" అని మాత్రం అడిగాడు.

ఫిబ్రవరి 28, శుక్రవారం

ఇచ్చేశాను.

మీటింగులో ట్రస్టు వాళ్ళు ఇద్దరు, రాజేశ్వర్ సార్, మేడం, మా నర్సులందరూ ఉన్నారు. సార్ ముగింపు మాటలు మొదలుపెట్టగానే లేచి చీటీ టేబులు మీద పెట్టాను. ఇది నా దగ్గరే ఉందని, నేనే దాచానని, పిల్ల పేరు దీక్షిత అని, ఆ టైములో నేను చాయ్ తాగుతున్నానని చెప్పాను.

మేడం చీటీ తీసుకుని చూసి, పెన్ను నా ముందు పెట్టింది.

"రెండో గీత ఖాళీగున్నది అక్కా. మీ చేతితోనే రాయండి."

పది నలభై ఎనిమిది అని రాశాను. నాయనమ్మ అన్నచోట టిక్కు పెట్టాను. సార్ కళ్ళద్దాలు తీసి చాలాసేపు తుడుచుకున్నారు. తర్వాత, పద్ధతి కొనసాగుతుంది, అన్ని వార్డుల రిజిస్టర్లలో గేటు టైము గడి పెట్టించండి అన్నారు. ఇన్‌ఛార్జి లెటరు సంగతి ఎవరూ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

బయటికి వచ్చాక మేడంను అడిగాను, మీకు ముందే తెలుసా అని. తెలుసంది. తప్పిపోయిన నంబరుకు ముందూ వెనకా ఉన్న చీటీల టైములను ఆ పూట కేసు షీట్లతో సరిచూస్తే మిగిలింది ఒక్క పిల్లే. మరి ఎందుకు చెప్పలేదంటే, "నేను చెప్తే అది మీ తప్పు అయితుండె. మీరు చెప్తే అది మన రీసెర్చ్ అయితది" అంది. నేను మా అమ్మ చనిపోయినప్పుడు కూడా దవాఖానలో ఏడవలేదు. ఈ రోజు స్టోర్ రూములో ఏడ్చాను.

ఆమె నాకంటే పదిహేనేళ్ళు చిన్న. ఆ వయసులో నేను జనాన్ని బయట కూర్చోబెట్టడం నేర్చుకుంటున్నాను.

మార్చి 1, శనివారం

నిద్ర బాగా పట్టింది. బరువు దిగిపోయింది. ధైర్యంగా ఒప్పుకున్నానని ఇద్దరు నర్సులు వచ్చి చేతులు పట్టుకున్నారు. నిజం చెప్పాలంటే, కొంచెం గొప్పగానే అనిపించింది.

మార్చి 4, మంగళవారం

ముత్తవ్వ దీక్షితను చూపించడానికి వచ్చింది. మళ్ళీ అదే స్తంభం పక్కన, చెప్పులు మెట్టు కింద విడిచి కూర్చుంది. నేను బయటికి వెళ్ళి ఆమె పక్కన కూర్చున్నాను. మేడం వేరే పిల్లను చూస్తూ గుమ్మం దగ్గరే ఉంది. మీటింగులో చెప్పినట్టే ఈమెకూ చెప్పాలని ముందే అనుకున్నాను. మాటలు కూడా తయారు చేసుకున్నాను.

అవ్వా, ఆ రోజు నువ్వు వచ్చింది పదీ ఆరు నిమిషాలకు, నేను నీ మనుమరాలిని పట్టుకున్నది నలభై రెండు నిమిషాల తర్వాత, లోపల అంత పని కూడా లేదు, నన్ను మాఫ్ చెయ్యి అన్నాను. ఆమె ఆశ్చర్యపోతుందని, ఏడుస్తుందని, లేదా తిడుతుందని అనుకున్నాను. ఆమె చీర కొంగుతో దీక్షిత ముక్కు తుడిచింది.

"నాకెర్కనే బిడ్డా. గా గోడ గడియారం ఈడికి కనవడ్తది. పెద్దముల్లు కిందికి దిగి, మల్ల మీదికెక్కుతుండంగ సూసుకుంటనే కూసున్న."

మరి ఒక్క కేక వెయ్యొచ్చు కదా, లోపలికి రావొచ్చు కదా అని అడిగాను.

"పోయినేడు పసుపుల దినాలల్ల పోరికి జ్వరమొస్తే సీదా లోపలికొచ్చిన. పిలిస్తేనే రావాలె, అప్పటిదాక బయట కూసో అన్నవ్. నువ్వే అన్నవ్. మల్ల లోపలికొస్తే కోపానికొచ్చి సూడవేమో అని భయమయ్యింది."

కోపంగా అనలేదు. ఊరి బస్సు ఎన్ని గంటలకో చెప్పినట్టు చెప్పింది. ఆమె పోయినేడు వచ్చిన సంగతి నాకు గుర్తే లేదు. ఎంత వెతికినా ఆ ముఖం నా తలలో లేదు. మీటింగులో నేను ఒప్పుకున్నది నలభై రెండు నిమిషాలు. అవి ఏడాది కింద మొదలయ్యాయి.

మరి అంతసేపూ ఏం చేశావని మేడం గుమ్మం దగ్గర నుంచి అడిగింది. సీసా మూతతో ఉప్పు చక్కెర నీళ్ళు పోశానంది ముత్తవ్వ. పోయినేడు తిట్టిన సిస్టరే ఆ నీళ్ళు కలపడం కూడా నేర్పిందట. గడియారం చూసుకుంటూ నిమిషానికొక మూత. మొదట్లో పిల్ల మింగింది, తర్వాత మింగలేదు, అప్పుడు పెదాలు తడిపిందట. "ఇరువై ఆరు మూతలు మింగింది" అని ఖాయంగా చెప్పింది.

మేడం వచ్చి ఆమె ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. ఆ ఇరవై ఆరు మూతలు లేకపోతే సిస్టరుకు దొరికిన నరం కూడా దొరికేది కాదు అని చెప్పింది. తన చిన్న పుస్తకం తీసి ఆ అంకె రాసుకుంది. నేనింతకాలం ఆ పుస్తకంలో మా తప్పులు రాసుకుంటోందని అనుకున్నాను.

మేడం ఆమెను, ఏం చేస్తే మీలాంటి వాళ్ళకు బాగుంటుందని అడిగింది. ముత్తవ్వ, మమ్మల్ని లోపలికి పిలవకపోయినా ఫర్వాలేదు, మీలో ఒకరు ఒక్కపారి బయటికొచ్చి పిల్ల మొఖం చూసి పోండి, ఆ తర్వాత పొద్దుగూకేదాకా అయినా కూసుంటం అంది. రెండు నెలల రీసెర్చ్‌కు అది చాలు అని మేడం నవ్వింది. ఆ మాటను రిపోర్టులో మొదటి పేజీలో, ముత్తవ్వ పేరుతోనే పెడతానంది. పెట్టొచ్చా అని అడిగితే ముత్తవ్వ, ఊరి పేరు కూడా పెట్టమంది.

నేను లేచి టేబులు వెనక గోడకున్న "పిలిచినప్పుడే లోపలికి రావలెను" అట్ట తీసేశాను. పదకొండేళ్ళ కింద నేనే రాసి అంటించాను. గోడ మీద ఆ మేర తెల్లగా మిగిలింది.

మార్చి 6, గురువారం

పావుగంటకోసారి వరండాలోకి పోవడం. కాళ్ళు నొప్పి.

మార్చి 11, మంగళవారం

వరండాలో చెయ్యి వేసిన పిల్లలు ఈ వారం ముప్పై ఎనిమిది మంది. అందులో లోపలికి పరుగెత్తించినవాళ్ళు ఇద్దరు, ఇద్దరూ ఏడవని పిల్లలే. లక్ష్మీరాజం పటేలు ముఖేష్‌ను చెవి నొప్పికని తీసుకొచ్చాడు. చీటీ తీసుకుని కూర్చోమంటే ముఖం మాడ్చుకున్నాడు. నేను బయటికే వెళ్ళి ముఖేష్ చెవి చూసి, పక్కన దగ్గుతున్న పిల్లను ముందు పిలిచాను. కాసేపటికి పటేలు ఆ దగ్గే పిల్ల తల్లికి తన సీసాలోని నీళ్ళు ఇస్తుండగా చూశాను.

లింగన్న రాత బాగుపడింది. అంకెలు దిద్దడానికి మేడం అతనికి కాపీ బుక్కు కొనిచ్చిందట. సున్నా సున్నాలాగే ఉంటోంది.

మార్చి 15, శనివారం

హోలీ రంగులింకా పోలేదు. పిల్లల ఒళ్ళు ఏ రంగులో ఉందో చూడకుండా, చొక్కా గుండీ విప్పి నొక్కి లెక్కపెట్టడమే.

మార్చి 18, మంగళవారం

పొద్దున తొమ్మిదిన్నరకు నేను ఇంజెక్షన్ ట్రే సర్దుతుంటే టేబులు ముందు నీడ పడింది. తల ఎత్తితే ముత్తవ్వ. ఎవరూ పిలవలేదు. కాళ్ళకు చెప్పులు, వాటికి కల్లం దుమ్ము. చంకలో దీక్షిత కాదు, వేరే పిల్ల, మూడేళ్ళుంటాయి, తల వాల్చేసి ఉంది. కల్లంలో పనిచేసే ఆశమ్మ బిడ్డ నందిని అట. పొద్దుటి నుంచి పాలు కూడా ముట్టలేదని, ఏడవడం లేదని ముత్తవ్వ చెప్పింది. ఏడవడం లేదన్న మాటను నొక్కి చెప్పింది.

వెనక మెట్టు దగ్గర ఆశమ్మ వంగి చెప్పులు విడుస్తోంది. ముత్తవ్వ వెనక్కు తిరిగి, "ఇడువకు. రా" అంది.

నేను అప్పటికే నందిని గుండీ విప్పి రొమ్ము మీద వేలు పెట్టాను. ముత్తవ్వ చీటీని నా ముందు పెట్టి, గోడ గడియారం వైపు ఒకసారి చూసింది.

"టైం రాయి బిడ్డా" అంది.